మూడు వారాల శుభలేఖ

మా చెల్లెలి పెళ్ళి ఆల్బమ్‌లో మా మేనత్త ఎక్కడా లేదు. పాతికేళ్ళుగా ఆ ఆల్బమ్ బయటికి తీసినప్పుడల్లా మా ఇంట్లో ఎవరో ఒకరు ఆ మాట అంటూనే వచ్చారు. "చర్చి హాలు రాకుండా చేసింది. విందుకైనా వచ్చిందా అంటే అదీ లేదు. ఎంత పంతం ఆవిడకి!" అనేవారు. నేను పక్కనే కాఫీ తాగుతూ కూర్చుని ఉండేవాణ్ణి.

హాలు రాకుండా చేసింది మా అత్తయ్య కాదు. నేను.

ఇన్నేళ్ళు దాచి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా చెల్లెలి కూతురికి పెళ్ళి కుదిరింది. పిలవాల్సినవాళ్ళని మొదట రాసుకున్న జాబితాలో అత్తయ్య పేరు లేదు. ఆవిడకి ఎనభై దాటాయి. ఈ పెళ్ళికి పిలవకపోతే ఆవిడని పిలవడానికి మా ఇంట్లో మరో పెళ్ళి ఎప్పుడొస్తుందో, అప్పటికి ఆవిడ ఉంటుందో లేదో అనిపించింది.

ముందు ఆ పాత పెళ్ళి సంగతి చెప్పాలి. నేను చెడగొట్టబోయిన పెళ్ళి అది. అంత ముచ్చటైన పెళ్ళి నేను మళ్ళీ చూడలేదు.

ఆ రోజుల్లో వారపత్రిక రాని ఇల్లు లేదు. సీరియల్ పేజీలు జాగ్రత్తగా ఊడదీసి, వారం వారం ట్రంకు పెట్టెలో అడుగున దాచి, కథ అయిపోయాక బైండింగుకు ఇవ్వడం మా అమ్మ అలవాటు. మా ఇంట్లో కొన్న నవలల కంటే ఇలా కుట్టించిన పుస్తకాలే ఎక్కువ. వాటిలో కథ ఒక వైపే ఉంటుంది. పేజీ తిప్పితే తలనూనె ప్రకటనో, సగం వంటకమో కనిపిస్తుంది. వారఫలాలు వస్తే అమ్మ వాటి మీద నల్ల పెన్సిలుతో గీతలు కొట్టేసేది. క్రైస్తవుల ఇంట్లో అవి ఉండకూడదని ఆవిడ పట్టింపు. ముందు చదివేసి తర్వాత కొట్టేసేదని మా నాన్న అనేవారు.

సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర నుంచి పత్రిక తెచ్చే పని నాది. దారిలో నడుస్తూనే ఆ వారం భాగం చదివేసేవాణ్ణి. చెల్లెలు గేటు పట్టుకుని నిలబడేది. "చెప్పకు అన్నయ్యా, చెప్పావంటే చంపేస్తా" అనేది. మళ్ళీ అరనిమిషానికి, "చచ్చిపోయిందా? అది ఒక్కటీ చెప్పు" అనేది. మా ఇద్దరి మధ్య ఆ ఆట పదిహేనేళ్ళు నడిచింది. నేను తర్వాత చేసిన పనికి మూలం అక్కడే ఉంది కాబట్టి ఇది చెబుతున్నాను.

చెల్లెలు బడిలో పంతులమ్మగా చేరిన రెండో ఏడు, ఒక సీరియల్ కట్ట తీసుకుని రెజిమెంటల్ బజార్‌లోని బైండింగ్ కొట్టుకు వెళ్ళింది. అందులో పదకొండు, పన్నెండు వారాలు లేవు. ఆ పదిహేను రోజులూ మేము నాయనమ్మ పోయిందని గుంటూరు వెళ్ళి ఉన్నాం. కొట్టాయన ముసలివాడు, మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతూ కట్ట వంక చూసి నవ్వాడట.

"అమ్మా, గిదే కథ ఇంకో సార్ సుత ఇచ్చిండు. మీకు నడుమ లేవు, ఆయనకు ఆఖరి వారం లేదు. ఇద్దరు జెర మాట్లాడుకోర్రి. గిట్ల కుంటి పుస్తకం కుడితే నా చేతికే మంచిగ అనిపియ్యది."

ఆ ఇంకో సారే మా బావ. అప్పట్లో ఏ.ఎస్. రావు నగర్ పక్కనున్న పెద్ద ఫ్యాక్టరీలో టెక్నీషియన్. వాళ్ళదీ మా లాగే కోస్తా నుంచి వచ్చిన కుటుంబం, వేరే చర్చి. ఆయనకు ఆ కథ ముగింపు నాలుగేళ్ళుగా తెలియదు. ఆఖరి వారం పత్రిక రైల్లో మర్చిపోయారట. మా చెల్లెలు పదకొండు, పన్నెండు తీసుకుంది కానీ ఆఖరి వారం మాత్రం ఇవ్వలేదు. ఆయన అడుగుతూ వచ్చారు, ఈవిడ రేపు మాపు అంటూ వచ్చింది. చివరికి రెండు కట్టలూ కలిపి ఒక్క పుస్తకంగా కుట్టించాలనుకున్నారు. ఆ ఒక్క పుస్తకం ఎవరింట్లో ఉండాలన్న చిక్కుకి వాళ్ళకు దొరికిన పరిష్కారం పెళ్ళి. కుట్టేటప్పుడు ఆఖరి వారం పేజీలు మాత్రం విడిగా ఉంచమని చెల్లెలు కొట్టాయనకి చెప్పింది. అది పెళ్ళి రోజున ఇస్తానంది.

పెళ్ళి ఏర్పాట్లు శనివారాల్లో మా ముందుగదిలో జరిగేవి. బావ డ్యూటీ దిగి రెండు బస్సులు మారి వచ్చేవారు. వాళ్ళు ఆలోచించింది ఇది. మా చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా వారికీ ఫలానా వారికీ వివాహం జరగబోతోంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని పాస్టరు అయ్యగారు అడుగుతారు. మూడు ఆదివారాలు ఉన్నాయి కాబట్టి శుభలేఖ కూడా మూడు భాగాల సీరియల్‌గా వేద్దామన్నారు. ఒక్కో ఆదివారం ప్రకటన అయ్యాక ఒక్కో భాగం పంచాలి. వారపత్రిక సైజులోనే, రెండు వరసల్లో అచ్చు. పైన "ఇంతవరకు జరిగిన కథ", కింద "సశేషం".

మొదటి భాగంలో ఇంతవరకు జరిగిన కథ ఇలా ఉండేది: "ఏమీ జరగలేదు. ఇద్దరూ ఎవరి పుస్తకాలు వాళ్ళు చదువుకుంటూ సుఖంగా ఉన్నారు."

మా నాన్న రైల్వే ఆఫీసులో పనిచేసేవారు, అన్నీ పద్ధతిగా ఉండాలనేవారు. ఆయన పట్టుబట్టి తేదీ, చర్చి, విందు జరిగే హాలు మొదటి భాగంలోనే వేయించారు. "వాళ్ళు మూడు వారాలు ఆగి చదువుతారని ఏంటి నమ్మకం?" అన్నారు. ఆ తర్వాత, "చివరి దాని కింద సమాప్తం అని వేయించాలి కదా?" అని అడిగారు.

"పెళ్ళి కార్డు మీద సమాప్తం అని ఎవరైనా వేయిస్తారా మామయ్యగారూ?" అన్నారు బావ.

నాన్న అంత గట్టిగా నవ్వడం నేను అంతకుముందు వినలేదు.

విందులో ఒక ఆట పెట్టారు. సీరియల్ పేజీ వెనక ఎప్పుడూ సగం వంటకమే ఉంటుంది కదా. అలాగే ప్రతి అతిథికీ ఒక అట్టముక్క ఇస్తారు, దాని మీద సగం వంటకం రాసి ఉంటుంది. మిగతా సగం అవతలి వైపు వాళ్ళలో ఎవరి దగ్గరో ఉంటుంది. వెతికి పట్టుకుని, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తినాలి. కొట్టాయన వాళ్ళిద్దరినీ కలిపినట్టే వాళ్ళు రెండు కుటుంబాలనూ కలపాలనుకున్నారు.

"అన్నం పెట్టే ముందు పరీక్ష పెడతారా మనుషులకి?" అంది అమ్మ.

అప్పుడే మా అత్తయ్య వచ్చింది. నాన్న చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు, ఆస్పత్రిలో పెద్ద నర్సు. తెల్లచీర, తాళ్ళతో కట్టుకునే గోధుమరంగు బూట్లు. మాకు అక్షరాలు నేర్పిందీ, ఆదివారం బడిలో వాక్యాలు కంఠతా పట్టించిందీ, చెవులు మెలిపెట్టిందీ ఆవిడే. గుమ్మంలో నిలబడి నేలంతా పరిచిన అట్టముక్కలు చూసింది.

"ఇదేం పెళ్ళే, సర్కస్సా?" అంది.

ఆ మాట ఇంట్లో అందరికీ గుర్తుంది. ఆ మాట అన్నాక బూట్లు విప్పి, మోకాళ్ళ మీద కూర్చుని, కత్తెర అందుకుని ముప్పై అట్టముక్కలు కత్తిరించింది. "అంచులు ఇలా వంకరగా కోస్తారా? పంతులమ్మవేనా నువ్వు?" అని చెల్లెల్ని తిట్టింది కూడా. అది ఎవరికీ గుర్తులేదు.

ఇక నా సంగతి. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. చర్చి యువజన సంఘానికి కొత్తగా కార్యదర్శినయ్యాను. ఆ శనివారాల్లో నేను గది మూలన కుర్చీలో కూర్చుని చూస్తుండేవాణ్ణి. వాళ్ళు నన్ను పక్కన పెట్టలేదు. "అన్నయ్యా, ఇది బాగుందా చూడు" అని చెల్లెలు ప్రతిదీ చూపించేది. కానీ ఏం జరుగుతుందో ఆమె నన్నడిగే కాలం పోయింది. కథ నాకంటే ముందు ఆమెకే తెలుస్తోంది. వాళ్ళిద్దరూ ఒక వాక్యం సగంలో ఆపి నవ్వుకునేవారు. ఆ మిగతా సగం ఏమిటో నాకు తెలిసేది కాదు. అది అసూయ అని ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడు దానికి భక్తి అని పేరు పెట్టుకున్నాను.

రెండో ఆదివారం పంచిన భాగం చివర ఇలా ఉంది: "రెండుసార్లు అడిగారు. ఎవరూ లేవలేదు. వచ్చే ఆదివారం మూడోసారి, ఆఖరిసారి అడుగుతారు. ఆ నిశ్శబ్దంలో ఎవరి బెంచీ కిర్రుమంటుంది? సశేషం."

చర్చి మెట్ల మీదే జనం చదివి నవ్వుకున్నారు. మరునాడు సాయంత్రం నేను ఆ కార్డు జేబులో పెట్టుకుని సంఘ పెద్దల్లో ఒకరి ఇంటికి వెళ్ళాను. ఆయనకు కోపం తొందరగా వస్తుందని అందరికీ తెలుసు. అందుకే ఆయన దగ్గరికే వెళ్ళాను.

"పరిశుద్ధమైన ప్రకటనను ఎగతాళి చేస్తున్నారండి. విందులో కూడా ఆటలు పెడుతున్నారు. రేపు మా కుర్రవాళ్ళు నన్నడిగితే నేనేం చెప్పాలి?" అన్నాను.

ఆయన కార్డు రెండుసార్లు చదివాడు. "మీ సొంత చెల్లెలు కదయ్యా?"

"సంఘం ముందు చెల్లెలైనా ఒకటేనండి."

ఆ మాట అన్నప్పుడు నా గొంతు నాకే గొప్పగా వినిపించింది. ఆ ఇంటి లోపలిగదిలో స్త్రీల సమాజం వాళ్ళు ఎవరో బట్టలు సర్దుతున్నారు. అనాథాశ్రమానికి పంపే పాత బట్టలు. నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే గుమ్మానికి వేలాడే తెర కింద తాళ్ళు కట్టిన గోధుమరంగు బూట్లు కనిపించాయి. అవి కదలకుండా ఉన్నాయి. సికింద్రాబాద్‌లో ఆ బూట్లు వేసుకుని తిరిగే స్త్రీ ఒక్కరే.

బుధవారం కమిటీ కూర్చుంది. ఆటలకు హాలు ఇచ్చేది లేదన్నారు. మూడో ప్రకటన చదవాలా వద్దా అనేది ఆదివారంలోగా తేలుస్తామన్నారు. అది చదవకపోతే ఆ తేదీకి పెళ్ళి లేదు. నాన్న ఆ పెద్దమనిషి ఇంటికి పరుగెత్తారు. "బయటివాళ్ళు కాదండీ. మీ ఇంటి మనిషే వచ్చి బాధపడ్డారు" అన్నాడట ఆయన, పేరు మాత్రం చెప్పలేదు.

నాన్న ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే అమ్మ, "ఇంకెవరు? మీ చెల్లెలే. ఆ రోజే సర్కస్సంది" అంది.

చెల్లెలు గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. చేతిలో ఇంకా కత్తెర ఉంది. "నాతో అంటే మానేసేదాన్ని కదా అన్నయ్యా. అత్తయ్య నాతో ఒక్క మాట అంటే సరిపోయేది కదా" అంది, నా వైపు చూస్తూ. నేను కుర్చీ చేయి గోకుతూ ఉండిపోయాను.

సాయంత్రం అత్తయ్య వస్తే నాన్న మొహం మీదే అడిగారు. ఆవిడ ఆయన వైపు కాదు, నా వైపు చూసింది. చాలాసేపు కాదు, నాడి చూసేంత సేపు. తర్వాత, "హాలు పోతే పోయింది, ప్రకటన పోకుండా చూద్దాం" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. అది ఒప్పుకోవడమే అనుకున్నారందరూ.

ఆవిడ ఆ రాత్రే పాస్టరు గారి ఇంటికి వెళ్ళిందనీ, పెళ్ళిలో అపహాస్యం ఏదైనా జరిగితే తనని సంఘం నుంచి తీసేయమని కమిటీకి రాసిచ్చిందనీ ఆయన రిటైరై వెళ్ళిపోయేటప్పుడు నాకు చెప్పారు. "మీకు తెలుసనుకున్నానే" అన్నారు. తెలియదన్నాను.

హాలు పోయిందని చెప్పడానికి బావ బైండింగ్ కొట్టుకు వెళ్తే నేనూ వెంట వెళ్ళాను. నేరం చేసినవాడు అక్కడక్కడే తిరుగుతాడంటారు, నిజమే.

"హాల్ ఇయ్యకుంటే ఏమాయె సార్? గింత పరేషానా?" అన్నాడు కొట్టాయన. "నా డాబా లేదా? గాడ కాయితాలు ఆరేసుకుంట. ఆ దినం ఆరెయ్య, గంతే. మీరే ఆరుర్రి."

మూడో భాగం హడావిడిగా మళ్ళీ రాసి అచ్చు వేయించారు. "ఇంతవరకు జరిగిన కథ: హాలు పోయింది. పెళ్ళి పోలేదు." కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. డాబాకి దారి చెప్పి, మెట్లు ఇరుకు, లావుపాటి వాళ్ళు పక్కకి తిరిగి ఎక్కగలరు అని రాశారు. వాళ్ళ స్థానంలో నేనైతే ఆ వారం ఒక్క నవ్వు మాట రాయగలిగేవాణ్ణా?

మూడో ఆదివారం. అయ్యగారు ప్రకటన చదివి, "ఎవరికైనా అభ్యంతరం ఉంటే" అని ఆగారు. ముందు నుంచి నాలుగో వరసలో బెంచీ కిర్రుమంది. అత్తయ్య లేచి నిలబడింది. మా అమ్మ నా మోచేయి పట్టుకున్న పట్టు ఇప్పటికీ తెలుస్తుంది. అత్తయ్య తీరిగ్గా కిటికీ దాకా నడిచి, అయ్యగారి కళ్ళలో పడుతున్న ఎండ ఆపడానికి రెక్క మూసి, తిరిగొచ్చి కూర్చుంది. అయ్యగారు మీసాల చాటున నవ్వు దాచుకుని ప్రార్థన మొదలుపెట్టారు.

"గుండెలు ఆగిపోయేలా చేసింది, ఎంత కక్ష!" అన్నారు మావాళ్ళు ఇంటికొచ్చాక.

పెళ్ళి మూడింటికి చర్చిలో, విందు సాయంత్రం డాబా మీద. వేసవి. కాగితాలు ఆరేసే తాళ్ళకు కొట్టాయన పాత పత్రికల రంగు అట్టలు వేలాడదీశాడు. మెట్ల దగ్గర అట్టముక్కలు పంచారు. పది నిమిషాల్లో ఆ డాబా సంతలా తయారైంది. మా నాన్న చేతిలో "ఉప్పు రుచికి తగినంత" అన్న ముక్క పట్టుకుని, "ఇది అన్ని వంటల్లోనూ ఉంటుంది కదమ్మా, నేనెవర్ని వెతకను?" అని తిరుగుతున్నారు. ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒకాయన, "కోడిగుడ్లు ఆరు! కోడిగుడ్లు ఆరు ఎవరికి కావాలి?" అని కేకలు. ఎన్నడూ గట్టిగా మాట్లాడని మా అమ్మ, "నావే, నావే, ఇటు రండి!" అని చేయి ఊపింది. రెండు వైపుల వాళ్ళూ ఒకళ్ళ పేర్లు ఒకళ్ళకు తెలియకుండానే పక్కపక్కన కూర్చుని బిర్యానీ తిన్నారు.

తర్వాత చెల్లెలు లేచి, ఇన్నాళ్ళూ దాచిన ఆఖరి వారం పేజీలు బావ చేతిలో పెట్టింది. ఆయన పెళ్ళి సూటులో నిలబడే చదివారు. అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. చదివి, వెనక్కి తిప్పి చూసి, మళ్ళీ ముందుకు తిప్పి, "ఇంతేనా? దీనికా నన్ను ఇన్నాళ్ళు తిప్పింది?" అన్నారు.

"ఇక మార్చుకోలేరు. కుట్టేయమనండి" అంది చెల్లెలు.

డాబా అంతా నవ్వింది. కొట్టాయన అక్కడే పీట మీద కూర్చుని, అందరూ చూస్తుండగా ఆ పేజీలు పుస్తకానికి కలిపి కుట్టాడు. మా బంధువుల్లో నలుగురు కళ్ళు తుడుచుకున్నారు. కేకు కోయడం కంటే దానికే ఎక్కువ ఫోటోలు తీశారు. మూడో భాగం అందని ఫ్యాక్టరీ వాళ్ళు కూడా దారి తప్పకుండా వచ్చారు. "హాలు దగ్గర ఎవరో తెల్లచీర పెద్దావిడ చెప్పారండీ" అన్నారు. చర్చిలో పనిచేసే ఆవిడై ఉంటుందనుకుంది చెల్లెలు. అత్తయ్యని చర్చిలోవాళ్ళందరూ గుర్తుపడతారు, కానీ మూడో భాగం చేతికందింది కాబట్టి వాళ్ళు తిన్నగా డాబాకే వచ్చారు. ఫ్యాక్టరీ వాళ్ళకి ఆవిడ ఎవరో తెలియదు.

నాకు తెలుసు. విందుకి ముందే కుర్చీలు చాలక చర్చి దాకా వెళ్ళాను. తాళం వేసిన హాలు ముందు, గేటు పక్కన, మొహం మీద పడమటి ఎండతో అత్తయ్య నిలబడి ఉంది. చేతిలో మూడో భాగం కార్డు.

"ఇక్కడేంటి అత్తయ్యా?"

"ఫ్యాక్టరీవాళ్ళకి మార్చిన కార్డు అందలేదట. తాళం చూసి వెనక్కి పోతే పిల్ల పెళ్ళిలో సగం కుర్చీలు ఖాళీ."

"నేనుంటాను. నువ్వు పైకి వెళ్ళు."

"పెళ్ళికూతురి అన్న గేటు దగ్గరెందుకున్నాడని అడుగుతారు. నేను లేకపోతే ఎవరూ అడగర్రా."

నేను తల దించుకుని, "ఆ రోజు వాళ్ళింట్లో..." అన్నాను.

"విన్నాను."

"మరెందుకు చెప్పలేదు?"

"చెబితే పెళ్ళి ముందు దానికి అన్న లేకుండా పోతాడు. అత్త లేకపోతే ఏముంది, అత్తలు చెడ్డవాళ్ళని అందరూ అనుకునేదే. ఈ హడావిడి తగ్గాక నువ్వే చెప్పు."

"చెబుతాను." వెళ్ళబోతూ, "మరి ఆదివారం ఎందుకు లేచావు?" అని అడిగాను.

అప్పుడు నవ్వింది. "బెంచీ కిర్రుమంటుందని వాళ్ళే రాశారు కదరా. ఎవరూ లేవకపోతే పిల్లలు రాసిన కథ చప్పబడిపోదూ? పో, కుర్చీలు పట్టుకెళ్ళు."

హడావిడి తగ్గాక చెబుతానన్నాను. చెల్లెలికి కూతురు పుట్టింది, బాప్తిస్మానికి అత్తయ్యని పిలవలేదు. ఆవిడ అల్లి పంపిన ఉన్ని టోపీ బీరువాలోనే ఉండిపోయింది. నా పెళ్ళి అయింది. నాన్న పోయారు, సమాధి దాకా ఆయనకీ అత్తయ్యకీ మధ్య ఆ మాట అలాగే ఉండిపోయింది. నాన్న తన చెల్లెల్ని తప్పుగా అనుకునే పోయారు. అన్నిటికంటే అది నన్ను ఎక్కువ బాధిస్తుంది. చెప్పడానికి నాకు భయమేసిందనడం కూడా పూర్తి నిజం కాదు. చెప్పకపోతే ఏ ఇబ్బందీ లేదు, ఆవిడ ఏమీ అనదు. ఆ సుఖానికి అలవాటు పడిపోయాను.

పోయిన నెల మేనకోడలు మా ఇంటికి వచ్చింది. "మామయ్యా, నాకూ అమ్మ పెళ్ళిలాగే మూడు భాగాల కార్డు కావాలి. ఇంట్లో రెండే ఉన్నాయి. మూడోది అందరికీ పంచేసి అమ్మ ఒక్కటి కూడా ఉంచుకోలేదంట. ఎవరి దగ్గరుంటుంది?" అని అడిగింది.

మర్నాడు అత్తయ్య ఇంటికి వెళ్ళాను. చర్చి వెనక సందులో ఒక్క గది. కళ్ళకి శుక్లాలు. తడుముకుంటూ బైబిలు తీసి, అందులోంచి కార్డు తీసి ఇచ్చింది. మడతల దగ్గర చిరిగిపోతోంది. వెనక వైపు పెన్సిలుతో గేటు నుంచి డాబాకి దారి గీసి ఉంది. మలుపు దగ్గర బైండింగ్ కొట్టు, మెట్లు, పక్కన బాణం గుర్తు. ఆ రోజు ఎన్ని చేతులు పట్టుకుని చూశాయో, అంచులు నల్లబడి ఉన్నాయి.

"చెప్పావా?" అంది.

"లేదు అత్తయ్యా."

"సరే, టీ తాగుతావా?" అంది.

టీ తాగలేదు. అక్కడి నుంచి నేరుగా ఏ.ఎస్. రావు నగర్‌లో చెల్లెలి ఇంటికి వెళ్ళాను. చెల్లెలు, బావ బల్ల మీద జాబితా పెట్టుకుని కూర్చున్నారు. కార్డు వెనక వైపు పైకి ఉండేలా వాళ్ళ ముందు పెట్టి, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. బూట్లు, సంఘ పెద్ద, గేటు, బెంచీ, అన్నీ. బావ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

చెల్లెలు చాలాసేపు ఆ పెన్సిలు గీతల మీద వేలు పెట్టి, గేటు నుంచి డాబా దాకా వెళ్ళింది. మళ్ళీ డాబా నుంచి గేటు దాకా వచ్చింది.

"అత్తయ్య ఉన్ని టోపీ అల్లి పంపింది కదూ?" అంది చివరికి. "ఒక్కసారి కూడా పాపకి పెట్టలేదు అన్నయ్యా."

తల పైకెత్తి నా వైపు చూసింది.

"నాతో అంటే మానేసేదాన్ని అన్నాను, గుర్తుందా? నీ మొహం చూసే అన్నాను."

"గుర్తుంది."

ఆమె లేచి ముఖం కడుక్కుని వచ్చింది. కూతురి కార్డు మొదటి భాగం, అచ్చుతప్పులు చూసేందుకు ప్రెస్సు నుంచి వచ్చిన కాగితం ఒకటి సంచిలో పెట్టుకుంది. "ఆటో పిలువు" అంది నాతో. దారిపొడవునా బయటికే చూస్తూ కూర్చుంది. చర్చి గేటు ముందు నుంచి ఆటో తిరుగుతుంటే మాత్రం ఒక్క మాట అంది.

"ఈసారి గేటు దగ్గర నువ్వు నిలబడు. విందు అయ్యేదాకా. ఫోటోల్లో నువ్వు ఉండవు, అత్తయ్య ఉంటుంది."

"అలాగే" అన్నాను.

అత్తయ్య గుమ్మం దాకా వచ్చి, వచ్చింది ఎవరో గొంతుని బట్టి పోల్చుకుంది. చెల్లెలు ఆవిడ చేతులు పట్టుకుంది. కాగితం ఇచ్చింది. అత్తయ్య దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, కనబడక, వేళ్ళతో తడిమింది.

"ఒక్కటేనా? మిగతావి?"

"వారం వారం నేనే తెచ్చి చదివి వినిపిస్తాను అత్తయ్యా."

నేను గుమ్మం బయటే ఉన్నాను. గేటు దగ్గర నన్ను నిలబెడుతున్నామని చెల్లెలు చెప్పింది. అత్తయ్య నా వైపు తల తిప్పింది.

"గొడుగు పట్టుకెళ్ళరా. అక్కడ సాయంత్రం నీడ ఉండదు" అంది.